బయలు పొలంలో మరుగు – అయిదో పాఠం: కుక్కను దాచడం

శనగ పీకేసిన పొలం నడుమ నేలబారుగా మరుగు కట్టుకొని, తెల్లవారుజామున మేతకు దిగే బార్ హెడెడ్ గూస్ (తల మీద నల్ల చారలుండి, చలికాలంలో వలస వచ్చే పెద్ద బాతు) బాతులను ఫోటో తీసే విధానం గత పాఠంలో చెప్పాను. దాని మీద వచ్చిన ఉత్తరాలలో కెమెరా ఊసు తక్కువ, కుక్క గోల ఎక్కువ. ఉరవకొండ వైపు పాఠకులొకరు తమ కుక్క చాలాసేపు కదలకుండా పడుకొని, తీరా బాతులు కాళ్లు చాపి దిగబోతుండగా దూకిందని రాశారు. పెద్దముడియం నుంచి మరొకరు దాన్ని గెనిమ (పొలం గట్టు) మీది తుమ్మచెట్టుకు కట్టేస్తే, అది మొరిగిన మొరుగుకు పక్క పొలం రైతు కర్ర పట్టుకొని వచ్చాడని వాపోయారు. కుక్కను ఇంటి దగ్గరే వదిలి రావడం అన్నిటికన్నా మేలు. అయితే పొలం కుక్క గొళ్లెం వేసినా గోడ దూకి వెంట వస్తుంది కనుక, లెన్సుల సంగతి వచ్చే పాఠానికి వాయిదా వేసి దీని సంగతి చూద్దాం.

ఒక మాట ముందే చెప్పాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పక్షిని చంపడమే కాదు, తరమడం కూడా వేట కిందికే వస్తుంది. కనుక కుక్క బాతుల వెంట పడితే ఫోటో చెడిందని మాత్రమే నొచ్చుకొని ఊరుకోవడానికి వీల్లేదు. దిగుబడి ఇల్లు చేరిన పొలాన్నే ఎంచుకోమని నేను పట్టుబట్టడానికి కారణం వేరే ఉంది. పైరు మీద ఉన్న రైతుకు బాతులు పోవాలి, మనకు దిగాలి. ఆ తగవులో కుక్క ఎప్పుడూ రైతు పక్షమే.

అమెరికా, కెనడాలలో కోత అయిన పొలాల్లో బాతులను వేటాడేవారు లాబ్రడార్ వంటి రిట్రీవర్ కుక్కలను (కూలిన పక్షిని నోట కరచి తెచ్చిపెట్టేవి) పొట్టి గుడారాల్లో దాచి, ఆ గుడ్డకున్న పట్టీల్లో అదే పొలంలోని కొయ్యకాళ్లను దోపుతారు. వారి పనితో మనకు పని లేదు గాని, వారి కుక్కలకున్న ఒక క్రమశిక్షణ మనకు కావాలి: పిట్ట లేచినా, తుపాకి పేలినా, యజమాని పిలుపు వినబడేదాకా ఆ కుక్క కదలదు. పడుకో, ఆగు అనే మాటలు మీ కుక్కకు వచ్చనే అనుకుంటున్నాను. రాకపోతే ముందు అవి నేర్పి ఈ పాఠానికి రండి.

ఉత్తరాలు రాసినవారిలో ఎక్కువమంది పడిన గోతి ఇక్కడే ఉంది. బాతులు లేచిపోగానే ఫోటోలు అయిపోయాయి కదా అని మీరు లేచి నిలబడి, ఒళ్లు విరుచుకొని, "పదరా" అని కుక్కను వదులుతారు. అది పొలమంతా పరుగెత్తుతుంది. పడుకున్నంతసేపూ దానికి దొరకని ఆనందం రెక్కల చప్పుడు వినబడిన మరుక్షణంలో దొరికింది కనుక, రెక్కల చప్పుడే సెలవు అని దానికి అర్థమవుతుంది. మరుసటి వారం బాతులు లేవగానే మీకన్నా ముందు అదే లేస్తుంది, ఆ తరువాత అవి దిగుతున్నప్పుడే దూకుతుంది. దానికి మొండితనం అంటగట్టకండి. మీరు నేర్పినదే అది అప్పజెబుతున్నది. షట్టర్ చప్పుడుతోనూ ఇదే తంటా: చివరి ఫోటో తీయగానే బిస్కెట్ పెట్టే అలవాటున్నవారి కుక్క మొదటి క్లిక్కుకే తోక ఊపుతుంది. పక్షులు పోయాక కనీసం పది నిమిషాలు కుక్కను అలాగే ఉంచండి. ముందు మీరు లేవండి, సామాను సర్దండి, నాలుగడుగులు వేసి మళ్లీ వచ్చి కూర్చోండి. అది మాత్రం పడుకొనే ఉండాలి. చివరికి వదిలేటప్పుడు రోజూ వాడని ఒకే మాట వాడండి. "పద", "రా" పనికిరావు, అవి పొలంలో ఎవరైనా ఎవరినైనా అంటారు. పక్షులు ఒక్కటీ రాని రోజున కూడా ఇదంతా తు.చ. తప్పకుండా జరగాలి.

మరుగు కట్టడం దీనికన్నా సులువు. రెండు వెదురు బద్దలను విల్లులా వంచి నేలలో గుచ్చి, పాత గోనెపట్టా కప్పి, దాని మీద ఆ పొలంలోని శనగ కట్టెనే పరచండి. దుకాణంలో దొరికే ఆకుపచ్చ మిలిటరీ గుడ్డ జనవరి నల్లరేగడిలో దూరానికే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఎత్తు కుక్క పడుకోవడానికి సరిపడేంతే ఉండాలి, ఎందుకంటే సూర్యుడు పది డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు మూరెడు ఎత్తున్న వస్తువుకు కూడా దాదాపు ఆరు మూరల నీడ పడుతుంది. నక్క పొంచి ఉండగల చోటును బాతులు నమ్మవు కనుక గెనిమ పక్కన కట్టకండి. బాతులు గాలికి ఎదురుగా దిగుతాయి. మీరు గాలికి వీపు పెట్టి కూర్చొని, కుక్కను మీ వెనుక ఉంచండి. రిట్రీవర్ గుడారం వాకిలి పక్షులు కనబడేటట్టు ఉంటుంది, మన దానికి మాత్రం వాకిలి మీ వైపే ఉండాలి, ఆకాశం కనబడని కుక్క సగం పోరు తగ్గిస్తుంది.

శనగాకు మీది మంచు పుల్లగా ఉండి పగిలిన పాదాలను మండిస్తుంది. అందుకే అడుగున పొడి గోతం వేసి, ఇంటికి రాగానే కుక్క కాళ్లు కడగండి. కుక్క ఒంటి వేడి మామూలుగానే 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది, వగర్పు తప్ప దానికి చల్లబడే దారి దాదాపు లేదు. సీమలో చలికాలంలో కూడా ఎండ తొమ్మిదింటికే చురుక్కుమంటుంది కనుక, అప్పటికి బాతులు వచ్చినా రాకపోయినా గోనె తీసి నీళ్లు పెట్టండి. నల్ల కుక్క అయితే ఎనిమిదింటికే.

అభ్యాసం: ఈ నెలంతా కెమెరా ముట్టకండి. మిద్దె మీదనో, కళ్లంలోనో మరుగు కట్టి, ఎదుట గింజలు చల్లి, పావురాలు దిగి, తిని, లేచిపోయేదాకా కుక్కను లోపల పడుకోబెట్టండి. వరుసగా ఏడు రోజులు చెవి తప్ప మరేదీ కదల్చకపోతే పొలానికి తీసుకెళ్లండి. ఏ రోజు లేచినా లెక్క మళ్లీ ఒకటి నుంచే.