యంత్రపు గార్డుకు సేఫ్టీ స్విచ్ బిగించడం, దాన్ని నమ్మదగినట్టుగా నిలుపుకోవడం

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో గోగునార, జనపనార వడికే జూట్ మిల్లులు, పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలు, పైడిభీమవరం మందుల పరిశ్రమలు, ఊరూరా ఉన్న రైస్ మిల్లులు దేనికది వేరైనా, బెల్టులు, గేర్లు, రోలర్లు తిరగని చోటు ఏదీ లేదు. ఆ తిరిగే భాగాలకు గార్డు ఉండాలని, అవి కదులుతున్నంతసేపూ గార్డు తన స్థానంలోనే ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్‌లోనే రాశారు. అయితే గార్డు నిజంగా మూసి ఉందో లేదో యంత్రానికి తెలియాలి, తెరిచిన మరుక్షణం ఆగాలి, తెరిచి ఉన్నంతసేపూ తిరగకూడదు. ఆ పని చేసేది గార్డుకు బిగించే సేఫ్టీ స్విచ్. దాన్ని ఎంచుకోవడం, బిగించడం, పరీక్షించడం ఎలాగో ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, షిఫ్టు సూపర్‌వైజర్ల కోసం ఇక్కడ వివరిస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా జూట్ మిల్లులో పళ్ల సిలిండర్‌తో నారను దువ్వే కార్డింగ్ యంత్రం నుంచి తీసుకున్నాను. దుమ్ము, నూనె, బరువైన సిలిండర్ మూడూ ఒకేచోట ఉండటం వల్ల ఇక్కడ నిలిచిన పద్ధతి మరోచోట సులువుగా నిలుస్తుంది.

కొనేముందు కొలవవలసింది

స్విచ్ కేటలాగు తెరవడానికి ముందు స్టాప్‌వాచ్ తీసుకోవాలి. యంత్రాన్ని పూర్తి వేగంతో నడిపి, స్టాప్ నొక్కిన క్షణం నుంచి ప్రమాదకరమైన భాగం పూర్తిగా నిలిచేదాకా ఎంతసేపు పడుతుందో పలుమార్లు కొలిచి, వాటిలో ఎక్కువ వచ్చిన విలువనే లెక్కలోకి తీసుకోవాలి, సగటు తీసుకోకూడదు. మనిషి శరీరం ప్రమాదం వైపు కదిలే వేగాన్ని ప్రమాణాలు సెకనుకు 1600 మిల్లీమీటర్లుగా తీసుకుంటాయి. ఆ లెక్కన యంత్రం 0.3 సెకన్లలో ఆగితే గార్డు తలుపుకూ తిరిగే భాగానికీ మధ్య కనీసం 480 మిల్లీమీటర్ల దూరం ఉండాలి. రెండు సెకన్లు పడితే ఆ దూరం 3.2 మీటర్లవుతుంది, అంత ఖాళీ ఏ మిల్లులోనూ దొరకదు. కార్డింగ్ సిలిండర్ బరువు వల్ల కరెంటు తీసేశాక కూడా చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది కాబట్టి, అక్కడ తెరిస్తే ఆపే మామూలు స్విచ్ చాలదు. సిలిండర్ నిలిచేదాకా తలుపును తెరవనివ్వని లాకింగ్ స్విచ్ తప్పనిసరి.

లాకింగ్ స్విచ్‌లలో రెండు రకాలున్నాయి. మొదటి రకం కరెంటు ఉన్నంతసేపే తాళం పట్టి ఉంచుతుంది. రెండవది స్ప్రింగు బలంతో తాళం పట్టి ఉంటుంది, కరెంటు ఇచ్చినప్పుడే విడిచిపెడుతుంది. మన దగ్గర నడుస్తూండగా కరెంటు పోవడం కొత్త కాదు. మొదటి రకం బిగిస్తే, కరెంటు పోయిన క్షణంలో సిలిండర్ ఇంకా తిరుగుతూండగానే తలుపు తెరుచుకుంటుంది. అందువల్ల బరువైన భాగాలున్న ప్రతిచోటా రెండవ రకమే తీసుకోవాలి. తాళం విడుదలకు టైమర్ పెట్టవచ్చుగానీ, షాఫ్టు నిజంగా నిలిచిందో లేదో సెన్సర్లతో చూసే జీరో స్పీడ్ మానిటర్ మేలు. బ్రేకు అరిగినా, బేరింగ్ మారినా టైమర్‌కు ఆ సంగతి తెలియదు. మనిషి పూర్తిగా లోపలికి వెళ్లగలిగేంత పెద్ద గది అయితే, లోపలినుంచి తాళం విడిపించుకునే పిడి కూడా ఉండాలి.

ఏ స్విచ్ ఎక్కడ

తలుపుకు బిగించిన లోహపు నాలుక స్విచ్ కన్నంలో దూరే రకం చవకైనది, ప్యాకింగ్ విభాగం వంటి శుభ్రమైన చోట బాగా పనిచేస్తుంది. నార దుమ్ములో మాత్రం దాన్ని పెట్టకూడదన్నది నా అభిప్రాయం. మెత్తబరచడానికి నారపై చల్లే నూనె, గాలిలో తేలే పీచు కలిసి ఆ సన్నని కన్నంలో నల్లటి ముద్దగా గట్టిపడతాయి; నాలుక చివరిదాకా దిగదు, యంత్రం ఊరకే ఆగిపోతూ ఉంటుంది, విసిగిన ఆపరేటర్ చివరికి దాన్ని బైపాస్ చేస్తాడు, అంటే తలుపు తెరిచినా స్విచ్‌కు తెలియకుండా చేస్తాడు. ఇటువంటి చోట తాకకుండానే, తలుపుకు బిగించిన జత ముక్కను దాని కోడ్‌తో గుర్తుపట్టే కోడెడ్ స్విచ్ పెట్టాలి. కోడ్ లేని మామూలు అయస్కాంతపు స్విచ్ కూడా తాకకుండానే పనిచేస్తుంది గానీ, దాన్ని ఏ స్పీకరు అయస్కాంతంతోనైనా మోసగించవచ్చు. కోడ్‌ను రేడియో తరంగాలతో చదివే ఆర్‌ఎఫ్‌ఐడీ రకంలో హై కోడెడ్ అయితే దాని జత ముక్కను తప్ప మరొకదాన్ని గుర్తించదు.

ప్లంజర్ అనే చిన్న కడ్డీని నొక్కితే పనిచేసే లిమిట్ స్విచ్ ఒక్కటే వాడక తప్పని పరిస్థితి వస్తే ఒక నియమం దాటకూడదు. గార్డు తెరవడమే ప్లంజర్‌ను బలంగా నొక్కి కాంటాక్టును విడదీయాలి. గార్డు మూసినప్పుడు నొక్కుకొని, తెరిచినప్పుడు స్ప్రింగు బలంతో బయటికి వచ్చేలా బిగిస్తే, స్ప్రింగు విరిగినా కాంటాక్టు అతుక్కుపోయినా యంత్రం ఆగదు. స్విచ్ మీద వృత్తంలో బాణం గుర్తు ఉంటే అది బలవంతంగా విడిపోయే కాంటాక్టు ఉన్నదని అర్థం. ఆ గుర్తు లేనిదాన్ని గార్డుకు వాడకూడదు.

బిగింపు

మొదట గార్డును సరిచేయాలి. కీళ్లు వదులై తలుపు కిందికి వాలితే ఎంత మంచి స్విచ్ అయినా వేళకాని వేళ ట్రిప్ అయి యంత్రాన్ని ఆపేస్తుంది. తలుపు వచ్చి ఆగడానికి వేరే స్టాపరు ఉండాలి. స్విచ్ శరీరం మీద తలుపు కొట్టుకోకూడదు. జరిపే వీలున్న పొడవాటి కన్నాల్లో కేవలం స్క్రూలతో వదిలేయకుండా, సరిచూసుకున్నాక పిన్ను దిగ్గొట్టి స్థానం ఖాయం చేయాలి. మామూలు స్క్రూడ్రైవరుతో ఊడిరాని స్క్రూలు వాడి, స్విచ్‌ను వీలైనంత వరకు తలుపు వెనుక, చేయి అందని మూలలో పెట్టాలి. సేఫ్టీ స్విచ్ మాన్యువల్‌లో రెండు దూరాలుంటాయి: ఎంత దగ్గరగా ఉంటే తప్పక ఆన్‌లో ఉంటుందో, ఎంత దూరమైతే తప్పక ఆఫ్ అవుతుందో. ఈ రెండవ దూరం దాకా తలుపు తెరిచి, ఆ సందులోంచి వేలు గానీ చేయి గానీ ప్రమాద భాగాన్ని అందుకోగలదేమో చూడాలి. అందుకుంటే స్విచ్‌ను తలుపు ముందు అంచువైపు, కీలుకు దూరంగా జరపాలి.

వైరింగులో స్విచ్ నుంచి రెండు దారులు (సర్క్యూట్లు) వేర్వేరుగా సేఫ్టీ రిలేకు, అంటే ఆ రెండింటినీ పోల్చి చూసి ఏ ఒక్కటి తెగినా యంత్రాన్ని ఆపే రిలేకు, చేరాలి. యంత్రాన్ని నడిపే మామూలు పీఎల్‌సీ (ప్రోగ్రామబుల్ కంట్రోలర్) ఇన్‌పుట్‌ను నమ్ముకోకూడదు. మోటారు కరెంటు దారిలో ఒకదాని తర్వాత ఒకటిగా కలిపిన రెండు కాంటాక్టర్లను (మోటారుకు కరెంటు కలిపే, విడదీసే స్విచ్‌లను) రిలే నడపాలి, వాటి ఎన్‌సీ కాంటాక్టులు, అంటే కాంటాక్టర్ ఆఫ్‌లో ఉన్నప్పుడు మూసి ఉండేవి, రిలేకు సమాచారం తిరిగి చేర్చే ఫీడ్‌బ్యాక్ దారిలో ఉండాలి. అప్పుడు ఒక కాంటాక్టర్ అతుక్కుపోతే మళ్లీ స్టార్ట్ కానివ్వకుండా రిలే పట్టుకుంటుంది. 24 వోల్టుల నెగటివ్‌ను ఎర్త్ చేయాలి, లేకుంటే రెండుచోట్ల కేబుల్ ఒరుసుకొని ఎర్త్ అయినప్పుడు స్విచ్‌ను దాటుకొని దారి ఏర్పడవచ్చు. రీసెట్ బటన్ ప్రమాద ప్రాంతమంతా కనిపించే చోట, లోపలినుంచి అందని చోట ఉండాలి. తలుపు మూసినంత మాత్రాన యంత్రం తనంతట తాను మొదలవకూడదు, కరెంటు తిరిగి వచ్చినప్పుడు కూడా. అనేక తలుపుల మెకానికల్ స్విచ్‌లను ఒకే దారిలో వరుసగా కలిపితే, ఒక స్విచ్‌లో వచ్చిన లోపాన్ని మరో తలుపు తెరిచి మూయడం కప్పిపుచ్చుతుంది. ముఖ్యమైన తలుపులకు విడి రిలే ఇవ్వడం ఖర్చే అయినా, ఆ ఖర్చు పెట్టదగినదే.

తనిఖీ, మెయింటెనెన్స్

షిఫ్టు మొదట్లో ఆపరేటర్, లోడు లేకుండా నడిపి, ఒక్కొక్క గార్డును తెరిచి యంత్రం ఆగుతుందో, మూశాక రీసెట్ లేకుండా మొదలు కాకుండా ఉంటుందో చూడాలి. లాకింగ్ ఉన్నచోట సిలిండర్ తిరుగుతూండగా తలుపును లాగి చూడాలి, అది కదలకూడదు. అరుదుగా తెరిచే తలుపుల మీద మరింత శ్రద్ధ అవసరం, ఎందుకంటే తెరవనిదే లోపం బయటపడదు. అటువంటి తలుపులను ఎక్కువ ప్రమాదమున్న చోట, అంటే రక్షణ ఏర్పాటు ఎంత నమ్మదగినదో చెప్పే పీఎల్ (పెర్ఫార్మెన్స్ లెవెల్) అంచెల్లో అన్నిటికంటే పైదైన పీఎల్-ఈ కోరిన చోట, కనీసం నెలకొకసారి, దాని కింది పీఎల్-డీ అయితే ఏడాదికొకసారి తెరిచి పరీక్షించాలని ప్రమాణాలు చెబుతాయి. మన దుమ్ములో నెలకొకసారే మంచిది. ఎలక్ట్రీషియన్ ఒక దారి వైరును విప్పి రిలే ట్రిప్ అవుతుందో లేదో చూసి, తిరిగి బిగించి, రెండవ దారికీ అదే చేయాలి.

శుభ్రం చేయడానికి కంప్రెస్డ్ గాలి వాడకూడదు; పీచును అది ఇంకా లోపలికి తోస్తుంది. బ్రష్షు, వ్యాక్యూమ్ సరిపోతాయి. కేబుల్ గ్లాండ్ కిందివైపున ఉండేలా చూసి, చేరే ముందు కేబుల్‌కు చిన్న వంపు ఇస్తే నీరు దాని వెంట లోపలికి దిగదు. తీరప్రాంతంలో ఉప్పుగాలికి టెర్మినళ్లు పచ్చబడతాయి, వాటిని గమనిస్తూండాలి. 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ వంటి తుపాను తర్వాత యంత్రం నడపడానికి ముందు ప్రతి జంక్షన్ బాక్సునూ తెరిచి ఆరబెట్టాలి. ఇన్సులేషన్ చూడటానికి ఎక్కువ వోల్టేజి పంపి కొలిచే మెగ్గర్ పెట్టేముందు సేఫ్టీ రిలేను, ఎలక్ట్రానిక్ స్విచ్‌లను తప్పక విడదీయాలి. 500 వోల్టుల మెగ్గర్ వాటిని అక్కడికక్కడే పాడుచేస్తుంది.

బైపాస్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. స్విచ్‌కు స్పేరు నాలుక తొడిగి ఉంచడం, వైరు షార్టు చేయడం కనబడితే ముందు ఆపరేటర్‌ను అడగవలసింది ఎందుకలా చేశాడన్నది. రోలరుకు నార చుట్టుకుంటుంటే, తీసిన ప్రతిసారీ సిలిండర్ నిలిచేదాకా ఆగవలసి వస్తే, ఉత్పత్తి లెక్క అతని తలపై ఉంటే, ఎవరైనా దారి వెతుక్కుంటారు. దండన రాసి వదిలేస్తే వారం తిరగకుండా అదే బైపాస్ మళ్లీ వస్తుంది. నార చుట్టుకోవడానికి కారణమైన రోలరు సెట్టింగు సరిచేయాలి, తలుపు తెరవకుండా చూసుకునే పారదర్శక కిటికీ పెట్టాలి, తెరిచి చూడక తప్పని పనికి బటన్ పట్టుకున్నంతసేపే నెమ్మదిగా తిరిగే జాగ్ ఏర్పాటు చేయాలి. స్పేరు నాలుకలు స్టోర్లో తాళం కింద, రిజిస్టరులో సంతకంతోనే ఇవ్వాలి.

గార్డు స్విచ్ ఎంత మంచిదైనా మెయింటెనెన్స్ పనికి అది రక్షణ కాదు. లోపల చేయి పెట్టి పని చేసేవారు మెయిన్ ఐసొలేటర్ దించి, తమ తాళం వేసి, ట్యాగు కట్టి, తాళంచెవి తమ జేబులోనే పెట్టుకోవాలి. మోటారు వేగాన్ని నడిపే డ్రైవ్‌లోని ఎస్‌టీవో (సేఫ్ టార్క్ ఆఫ్) కూడా మోటారుకు శక్తిని ఆపుతుందేగానీ తిరుగుతున్నదాన్ని పట్టి ఆపదు, విద్యుత్తునూ తీసేయదు.

స్విచ్ మార్చిన ప్రతిసారీ పాత రిజిస్టరులో ఒక గీత గీసి వదలకుండా, సందు దూరం, రెండు దారుల ట్రిప్, రీసెట్, తాళం లాగి చూడటం మొదటినుంచీ మళ్లీ చేయాలి. ఏడాదికొకసారి ఆగే సమయాన్ని తిరిగి కొలిచి మొదటి కొలతతో పోల్చాలి. అది పెరిగితే బ్రేకు లైనింగ్ చూసి సరిచేసేదాకా ఆ తలుపు తాళపు టైమర్‌ను కొత్త కొలతకంటే ఎక్కువగా పెట్టి, ఆ మార్పును తేదీతో సహా షిఫ్టు పుస్తకంలో రాయాలి.