కారు కొనే ముందు: విశాఖ కుటుంబాలకు కొన్ని జాగ్రత్తలు

అడ్వాన్సు కట్టకముందే ఇంటిల్లిపాదినీ షోరూముకు తీసుకెళ్లండి. ఏడు సీట్లు ఉన్నంత మాత్రాన ఏడుగురూ హాయిగా పడతారని కాదు. మూడో వరుసలో ఇంటి పెద్దలను కూర్చోబెట్టి చూడండి. మోకాళ్లు పైకి లేచిపోతుంటే అరకు ఘాట్ రోడ్డు మలుపుల్లో వాళ్లకు నరకమే. ఆ సీట్లను మడవకుండానే డిక్కీలో సూట్‌కేసు పెట్టించండి, అసలు సంగతి అక్కడే తేలుతుంది.

2023 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న భారత్ ఎన్‌క్యాప్ అనే, కార్లను ఢీకొట్టించి చూసే భద్రతా పరీక్షలో పెద్దల భద్రతకు, పిల్లల భద్రతకు విడివిడిగా స్టార్లు ఇస్తారు. రెండోది తప్పకుండా అడగండి.

చంటిబిడ్డ ఉంటే:
- వెనక సీటు సందులో వేళ్లు పెట్టి తడమండి. బేబీ సీటును బిగించే ఐసోఫిక్స్ కడ్డీలు గట్టిగా తగలాలి.
- వెనక్కి తిరిగి ఉండే బేబీ సీటును ఎయిర్‌బ్యాగు పనిచేస్తున్న ముందు సీటులో ఎన్నడూ బిగించవద్దు. ఎయిర్‌బ్యాగు తెరుచుకునే దెబ్బకు పసిప్రాణం పోవచ్చు.

మధ్య సీటుకూ భుజం మీదుగా వచ్చే బెల్టు ఉండాలి.

పాత కారైతే సముద్రపు గాలిని మరిచిపోకండి. తలుపుల అడుగు అంచులు, చక్రాల పైభాగం, కింది చాసిస్ టార్చి వేసి చూడండి. రంగు ఉబ్బిన చోట గోటితో నొక్కితే పెచ్చు ఊడి తుప్పు బయటపడుతుంది. అలాంటి బండి ఎంత చవకైనా వద్దు.

చివరగా, అందరినీ ఎక్కించుకుని, ఏసీ వేసి సింహాచలం కొండ ఎక్కించి చూశాకే సంతకం పెట్టండి.