నేల బ్యాక్టీరియా, జన్యువులు, మందులు – 5వ పాఠం: జాబితాలో పేరుంటే మందు పనిచేయనట్టేనా?

ఈసారి మందు అద్దిన డిస్కు చుట్టూ బ్యాక్టీరియా పెరగక ఏర్పడే వలయాన్ని కొలవడం నేర్పాలనుకున్నాను. అది వచ్చే పాఠానికి వాయిదా. కిందటి అభ్యాసానికి మీరు పంపిన జవాబులు చదివాక, ఇది తేల్చకుండా ముందుకు పోకూడదనిపించింది.

అభ్యాసం గుర్తుందిగా: మెలియాయిడోసిస్ అనే జబ్బు తెచ్చే నేల బ్యాక్టీరియా బర్ఖోల్డేరియా సూడోమల్లై నమూనా ఒకటి, దాని జీనోమ్‌లో దొరికిన నిరోధక జన్యువుల (మందుని తట్టుకునే శక్తినిచ్చేవి) జాబితా, పక్కనే ఎంఐసీ (బ్యాక్టీరియా పెరగకుండా ఆపడానికి కావాల్సిన కనీస మందు మోతాదు, మి.లీ.కి మైక్రోగ్రాముల్లో) ఫలితాలు. జాబితాలో పెన్‌ఏ ఉంది. అది పెన్సిలిన్ తరహా మందుల్ని విరగ్గొట్టే బీటా-లాక్టమేజ్ అనే ఎంజైమ్‌ని తయారుచేస్తుంది. ఆ తరహా మందే అయిన సెఫ్టాజిడిమ్ ఎంఐసీ 2. మీలో చాలామంది "బీటా-లాక్టమేజ్ జన్యువు ఉంది కాబట్టి సెఫ్టాజిడిమ్ పనిచేయదు, ల్యాబ్ ఫలితమే తప్పయ్యుంటుంది" అని రాశారు. కొందరు ఇంకో అడుగు ముందుకేసి, ఇది ఆస్పత్రిలో పుట్టిన కొత్త మొండి రకం అన్నారు.

రెండూ తప్పే. పెన్‌ఏ ఈ జాతి సొంత జన్యువు, రోగిలోంచి తీసినా పొలం మట్టిలోంచి తీసినా ఉంటుంది. ఆంపిసిలిన్ లాంటివి దీనిమీద పనిచేయకపోవడానికి అదొక కారణం. కానీ మామూలు పెన్‌ఏ సెఫ్టాజిడిమ్‌ని పెద్దగా విరగ్గొట్టలేదు, అందుకే ఈ జబ్బుకి మొదట ఇచ్చే మందుల్లో అది ఇప్పటికీ ఉంది. సీఎల్‌ఎస్‌ఐ (ల్యాబ్ పరీక్షలకి ప్రమాణాలు పెట్టే సంస్థ) ప్రమాణం ప్రకారం ఎంఐసీ 8 లేదా అంతకంటే తక్కువైతే పనిచేస్తుందనే లెక్క. 2 వచ్చిన నమూనా గురించి టెన్షన్ పడాల్సిందేమీ లేదు.

అసలు నేల బ్యాక్టీరియాలో నిరోధక జన్యువు కనిపిస్తే ఆశ్చర్యపోవడం మానేయండి. 1943లో స్ట్రెప్టోమైసిన్ దొరికింది నేలలో ఉండే స్ట్రెప్టోమైసిస్ గ్రైసియస్ నుంచే. పక్కనున్న జీవులు మందు తయారుచేస్తుంటే తట్టుకునే జన్యువులూ అక్కడే పుట్టాయి. 30,000 ఏళ్లనాటి గడ్డకట్టిన మట్టిలో కూడా అలాంటివి ఉన్నాయని 2011లో బయటపడింది.

నాకు నిజంగా చిరాకు తెప్పించేది ఒకటుంది: జన్యువు పేరు చూసి ఫలితం రాసేయడం. సాఫ్ట్‌వేర్ చెప్పేది "ఈ పేరుతో పోలిన డీఎన్ఏ వరుస ఉంది" అని మాత్రమే. ఆ జన్యువు ఎంత జోరుగా పనిచేస్తోందో, దాని ప్రోటీన్‌లో కీలకమైన చోట అమైనో ఆమ్లం మారిందో, ఒక ప్రతి ఉందో పది ఉన్నాయో జాబితాలో రాదు. చికిత్స మధ్యలో సెఫ్టాజిడిమ్ పనిచేయడం మానేసిన నమూనాల్లో కనిపించినవి సరిగ్గా ఇవే: ప్రమోటర్ (జన్యువుని నడిపించే మీట లాంటి భాగం) మారి పెన్‌ఏ ఎక్కువగా తయారవడం, ఎంజైమ్ ఆకారం కాస్త మారడం, జన్యువు ప్రతులు పెరగడం. కొన్నింటిలో పెన్‌ఏకి సంబంధమే లేదు, మందు అతుక్కోవాల్సిన పీబీపీ3 జన్యువే పోయింది. అంటే పనిచేసే నమూనాలోనూ, పనిచేయని నమూనాలోనూ జాబితా ఒకేలా కనిపించొచ్చు.

తిరగేసి చూడండి. జెంటామైసిన్ ఈ జాతిమీద పనిచేయదు, ఏఎంఆర్ఏబీ అనే ఎఫ్లక్స్ పంపు దాన్ని బయటికి తోసేస్తుంది. కానీ మలేషియాలోని సరవాక్‌లో దొరికిన చాలా నమూనాల్లో ఆ పంపు ఉన్నా, అందులో ఒక అమైనో ఆమ్లం మారడంవల్ల అది పనిచేయదు. పేరుంది, నిరోధకత లేదు. ఈ బ్యాక్టీరియాని వేరుచేసే ఆష్‌డౌన్ అగర్‌లో జెంటామైసిన్ కలుపుతారు, కాబట్టి ఆ ప్లేటునే నమ్ముకుంటే ఇవి కంటపడకుండానే పోతాయి. (దీన్ని పెంచి చూద్దామని ఎవరూ అనుకోవద్దు, ఉన్నత భద్రత ఉన్న ల్యాబుల పని అది. మనకి డేటా చాలు.)

పేరు లెక్కలోకి వచ్చే సందర్భాలూ ఉన్నాయి. స్టెనోట్రోఫోమోనాస్ మాల్టోఫిలియా అనే ఇంకో బ్యాక్టీరియాలో ఎల్1, ఎల్2 అనే బీటా-లాక్టమేజ్ జన్యువులు దాని సొంతం, ఇమిపెనెమ్ పనిచేయదని పరీక్ష లేకుండానే రాయొచ్చు. అదే జాబితాలో సుల్1, డీఎఫ్ఆర్ఏ కనిపిస్తే ఆగండి. అవి ఇంటెగ్రాన్ల (జన్యువుల్ని పట్టి ఉంచుకునే డీఎన్ఏ ముక్కలు) మీద బయటినుంచి వచ్చినవి, కో-ట్రైమాక్సజోల్‌కి ఎసరు పెట్టేవి.

నేనైతే జాబితా చివర్లోనే తెరుస్తాను. ముందు జాతి, తర్వాత ఆ జాతికి పుట్టుకతో పనిచేయని మందులు కాగితం మీద రాసుకుంటాను, తర్వాత ఎంఐసీలు. రాసుకున్నదానికీ వచ్చినదానికీ తేడా ఉన్నచోట మాత్రమే జన్యువుల్లోకి వెళ్తాను, వెళ్లినప్పుడు పేరు కాకుండా వరుస చదువుతాను.

అభ్యాసం ఒకటే, కష్టమైనదే. నేలలో, నీళ్లలో ఉండే మైకోబ్యాక్టీరియం అబ్సెసస్ నమూనా. ఎర్మ్‌41 జన్యువు పూర్తిగా ఉంది. క్లారిత్రోమైసిన్ 3వ రోజున పనిచేస్తున్నట్టు కనిపించింది, 14వ రోజు ఫలితం ఇంకా రాలేదు. క్లారిత్రోమైసిన్‌ని తట్టుకునేలా చేసే ఈ జన్యువు మందు తగిలాకే మేల్కొంటుంది. 28వ స్థానంలో డీఎన్ఏ అక్షరం టీ ఉంటే ఈ జన్యువు పనిచేస్తుంది, సీ ఉంటే జన్యువు పనిచేయదు.

మీ నమూనాలో టీ ఉంటే ఈరోజు రిపోర్టులో ఏం రాస్తారు? సీ ఉంటే? సీ ఉండి కూడా 3వ రోజుకే మందు పనిచేయకపోతే ఏ జన్యువులో వెతుకుతారు, ఎందుకు? ఒక్కో ప్రశ్నకి కారణంతో సహా రాయండి, "ఎస్" (మందు పనిచేస్తుంది), "ఆర్" (పనిచేయదు) అని ఒక్క అక్షరం పంపితే దిద్దను.