వారం రోజుల ఆఫీసు పని మీద బే ఏరియాకి వస్తున్నారా? గోల్ఫ్ షూస్ పెట్టుకోండి

హైదరాబాద్ నుంచి వచ్చి శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగినవాళ్లకి మర్నాడు ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మూడున్నరకో, మహా అయితే నాలుగింటికో మెలకువ వచ్చేస్తుంది. ఎండాకాలంలో మనకీ ఇక్కడికీ పన్నెండున్నర గంటల తేడా, చలికాలంలో పదమూడున్నర. అంటే జూన్‌లో ఇక్కడ తెల్లవారుజామున నాలుగైతే ఒళ్లు ఇంకా హైదరాబాద్ సాయంత్రం నాలుగున్నర దగ్గరే ఉంటుంది. గదిలో ఉన్న టీ బ్యాగు ముంచుకుని, ఫోన్ చూసుకుంటూ, హోటల్ వాళ్లు టిఫిన్ ఎప్పుడు పెడతారా అని ఎదురుచూడటం. మొదటి మూడు ట్రిప్పులూ నేను అలాగే గడిపాను. నాలుగోసారి ఆ నిద్ర పట్టని గంటల్ని తీసుకెళ్లి గోల్ఫ్ కోర్సు మీద పెట్టాను. అప్పటినుంచి ఇదే పద్ధతి.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. వారం ట్రిప్‌లో పని రోజున 18 హోల్స్, అంటే పూర్తి రౌండ్, కుదరవు. ఆట ఒక్కటే నాలుగు, నాలుగున్నర గంటలు పడుతుంది. డ్రైవింగ్, స్నానం కలిపితే సగం రోజు పోయినట్టే. మధ్యలో మేనేజర్ మెసేజ్ పెడితే ఇంక పట్ (బంతిని హోల్‌లోకి దొర్లించే దెబ్బ) మీద ధ్యాస ఎక్కడ ఉంటుంది? 9 హోల్స్ అయితే రెండు, రెండుంపావు గంటల పని. తెల్లారగానే 9, లేదా ఆఫీసయ్యాక 9. వారంలో అలాంటివి రెండు, శనివారం ఒక పూర్తి రౌండ్. ఇంతకంటే ఎక్కువ పెట్టుకుంటే అటు పనీ సరిగా ఉండదు, ఇటు ఆటా సరిగా ఉండదు.

మన ఊళ్లో గోల్ఫ్ నేర్చుకున్నవాళ్లకి ఇక్కడి పబ్లిక్ కోర్సు మొదట్లో వింతగా ఉంటుంది. గోల్కొండ దగ్గర నయాఖిలాలో ఆడినా, గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్‌లో ఆడినా, మనలో చాలామందికి మెంబర్‌షిప్పో, మెంబరైన స్నేహితుడో ఉంటేనే గోల్ఫ్. ఇక్కడ మునిసిపల్ కోర్సు అంటే ఊరి లైబ్రరీ, ఊరి పార్కు లాంటిదే. నగరపాలక సంస్థది. డబ్బు కట్టిన ఎవరైనా ఆడొచ్చు. మీ పక్కన ఆడేది రిటైరైన టీచర్ కావచ్చు, పొద్దున షిఫ్టు దిగి వచ్చిన ఎలక్ట్రీషియన్ కావచ్చు. గేటు దగ్గర ఎవరి పేరు చెప్పి వచ్చారని ఎవరూ అడగరు.

ఎక్కడ ఆడాలన్నది మీ ఆఫీసు ఎక్కడుందో చూసుకుని తేల్చుకోండి. కోర్సు ఎంత బాగున్నా పావుగంట కంటే దూరమైతే పని రోజున వద్దు. 101 హైవే మీద సాయంత్రం ఐదింటి ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే మీ 9 హోల్స్ 5 అవుతాయి. సన్నీవేల్‌లో దిగితే ఆ ఊరి సొంత కోర్సే ఉంది, పార్ 70 (అంటే మంచి ఆటగాడు 70 దెబ్బల్లో ముగించాలి). అదే ఊళ్లో సంకెన్ గార్డెన్స్ అని 9 హోల్స్ చిన్న కోర్సు, ఎక్కువగా పార్ 3లే. చాలాకాలం క్లబ్ పట్టనివాళ్లు, జెట్ లాగ్‌తో కాళ్లు తేలిపోతున్నవాళ్లు అక్కడ మొదలుపెట్టడం మంచిది. శాన్‌హోసే వైపు ఉంటే ఓక్లాండ్ రోడ్డు మీద శాన్‌హోసే మునిసిపల్ ఉంది. చదునైన నేల, బాగ్ మోసుకుని నడిచినా ఆయాసం రాదు. పాలో ఆల్టోలో బేలాండ్స్. అది పాత మునిసిపల్ కోర్సే, మొత్తం మార్చి కట్టి 2018లో మళ్లీ తెరిచారు. పక్కనే చిన్న విమానాశ్రయం. బాక్‌స్వింగ్ తీసేసరికి సరిగ్గా తల మీదుగా ఓ బుల్లి విమానం వెళ్తుంది.

నాకు ఇష్టమైనది మౌంటెన్ వ్యూలోని షోర్‌లైన్. గూగుల్ ఆఫీసులకి కూతవేటు దూరంలో, అఖాతం ఒడ్డున ఉంటుంది. రాబర్ట్ ట్రెంట్ జోన్స్ జూనియర్ గీసిన కోర్సు. పొద్దున్నే వెళ్తే గాలి అసలుండదు, గడ్డి మీద మంచు పరుచుకుని ఉంటుంది. మొదటి గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) మీద పట్ కొడితే బంతి వెనకాల తడి గడ్డిలో ముగ్గు గీసినట్టు సన్నటి చార పడుతుంది. ఎంత వంపు తిరిగిందో, ఎక్కడ ఆగిపోయిందో చారే చెబుతుంది. తడి గ్రీన్ మీద బంతి నెమ్మదిగా దొర్లుతుంది కాబట్టి ఓ అడుగు ఎక్కువ పోయేటట్టే కొట్టండి. కెనడా గూస్ అనే పెద్ద బాతులు మందలు మందలుగా ఫెయిర్‌వే (గ్రీన్ దాకా కత్తిరించిన గడ్డి దారి) మీదే కాపురం. అవి అడ్డు తప్పుకోవు, మనమే తప్పుకోవాలి. వాటి రెట్టల వల్ల బంతి తుడుచుకోడానికి ఒక తువ్వాలు తప్పనిసరి. మధ్యాహ్నం దాటితే అఖాతం మీంచి గాలి లేస్తుంది. పొద్దున సెవెన్ ఐరన్ క్లబ్‌తో అందుకున్న గ్రీన్‌కి సాయంత్రం అంతకంటే దూరం కొట్టే ఫైవ్ ఐరన్ కూడా చాలకపోవచ్చు.

టీ టైమ్ (ఆట మొదలుపెట్టే వేళ) బుక్ చేసుకునేటప్పుడు కోర్సు సొంత వెబ్‌సైట్‌లోనే చేసుకోండి. మధ్యలో ఉన్న యాప్‌లు చాలావరకు బుకింగ్ ఫీజు వేసుకుంటాయి, మీటింగ్ అడ్డొచ్చి రద్దు చేస్తే అది తిరిగి రాదు. రేట్లు రెండు రకాలుగా కనిపిస్తాయి: ఆ ఊరివాళ్లకి ఒకటి, బయటివాళ్లకి ఒకటి. తక్కువ ఉంది కదా అని మొదటిది నొక్కితే కౌంటర్ దగ్గర ఐడీ అడుగుతారు, ఊరికే ఇబ్బంది. అన్నిటికంటే పనికొచ్చేది ఒక ఫోన్ కాల్. ‘పొద్దున మొదటి గంటలో బ్యాక్ నైన్ (చివరి తొమ్మిది) నుంచి 9 హోల్స్ పంపుతారా?’ అని ప్రో షాపులో, అంటే కోర్సు కౌంటర్‌లో, అడగండి. చాలా కోర్సుల్లో ఇది ఉంటుంది. 18 ఆడేవాళ్లు ఫస్ట్ టీ (మొదటి హోల్‌కి తొలి దెబ్బ కొట్టే చోటు) నుంచి మొదలుపెట్టి పదో హోల్‌కి వచ్చేసరికి రెండు గంటలు పడుతుంది. ఆలోపు బ్యాక్ నైన్ ఖాళీగా పడి ఉంటుంది. మీరు ఆడేసి ఎనిమిదింటికల్లా కారెక్కొచ్చు.

ఒక్కరే వెళ్లండి. ఇది మనవాళ్లకి మింగుడుపడదు, గోల్ఫ్‌కి కూడా బ్యాచ్ ఉండాలంటాం. నలుగురికి ఖాళీ దొరకడం కష్టం, ముగ్గురున్న గ్రూపులో ఒక్కడు దూరడం సులువు. బుకింగ్ దొరకని రోజున కూడా నేరుగా వెళ్లి, గ్రూపుల్ని వరసగా ఆటకి పంపే స్టార్టర్‌తో ‘సింగిల్‌ని’ అంటే, ఎవరో ఒకరు రాక ఖాళీ తగులుతుంది. ఫస్ట్ టీ దగ్గర చెయ్యి కలిపి పేరు చెప్పుకోవడం ఇక్కడి మర్యాద. వెంకట సుబ్రహ్మణ్యం అయినా సరే ‘వెంకట్’ అనండి చాలు. వాళ్లు ఏ టీస్ నుంచి ఆడుతున్నారో అడిగి, గొప్పకి పోకుండా మరీ దూరం కాని వైట్ టీస్ నుంచి ఆడండి. దూరంగా ఉన్నవాళ్లే ముందు కొట్టాలని మర్యాదలు చూసుకోరు, ఎవరు సిద్ధంగా ఉంటే వాళ్లు కొట్టేస్తారు. బంతి కనిపించకపోతే 2019 రూల్స్ ప్రకారం వెతకడానికి మూడే నిమిషాలు. కొత్త బంతి అయినా సరే, వదిలెయ్యండి. వెనక గ్రూపు నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తూ ఉంటుంది.

ఇక్కడ కేడీ ఉండడు. విషయం చిన్నదే గానీ మన అలవాట్లన్నీ దీని దగ్గరే బయటపడతాయి. ‘సార్, నూట నలభై, ఎదురుగాలి, సెవెన్ ఐరన్ తీసుకోండి’ అని చెప్పే మనిషి లేడు. దూరం కావాలంటే ఫెయిర్‌వేలో స్ప్రింక్లర్ మూత మీద అంకె చూసుకోవాలి, లేదా 150 గజాల గుర్తు దగ్గర్నుంచి అడుగులు లెక్కపెట్టుకోవాలి. బాగ్ మనమే మోయాలి, లేదా కొద్ది డాలర్లకి పుష్ కార్ట్ అద్దెకి తీసుకోవాలి.

నా మొదటి రౌండ్‌లో బంకర్‌లోంచి (ఇసుక గుంట) బంతి బయట పడేసి, ఆ ఆనందంలో వెనక్కి చూడకుండా గ్రీన్ మీదకి నడిచాను. ఇరవై ఏళ్ల అలవాటు: ఇసుక సంగతి కేడీ చూసుకుంటాడు. నాతో ఆడుతున్న పెద్దాయనకి డెబ్బై దాటి ఉంటాయి. ఏమీ అనలేదు. మెల్లగా బంకర్‌లోకి దిగి, రేక్ తీసుకుని, నా అడుగుల గుంటలు, క్లబ్ తవ్విన చాళ్లు అన్నీ లాగి చదును చేసి, రేక్‌ని పక్కన పెట్టి వచ్చి తన పట్ తను కొట్టుకున్నాడు. నాకు తల కొట్టేసినంత పనైంది. అప్పటినుంచి మూడు పనులు మర్చిపోలేదు. బంకర్ దున్నితే మనమే చదును చెయ్యాలి. ఫెయిర్‌వేలో గడ్డి పెళ్ల లేస్తే తెచ్చి పెట్టాలి, లేదా కార్ట్‌కి తగిలించిన సీసాలోంచి ఇసుక పొయ్యాలి. గ్రీన్ మీద బంతి పడిన గుంటని ఫోర్క్‌తో చుట్టుపక్కల నుంచి మధ్యకి నెట్టి, పటర్ అడుగుతో అద్దాలి. చాలామంది కింద నుంచి పైకి పెకలిస్తారు. వేళ్లు తెగి ఆ చోటు ఎండిపోతుంది.

క్లబ్‌లు మోసుకొస్తారా అంటే, పది రోజుల్లోపు ట్రిప్ అయితే వద్దనే నా మాట. గోల్ఫ్ బాగ్‌ని ఒక చెకిన్ బాగ్ కింద లెక్కేస్తారు, ఆవకాయ జాడీ, పచ్చళ్లు, ఇక్కడున్న బంధువుల చీరలు పెట్టాల్సిన పెట్టె అది. పోనీ తెచ్చినా అది పట్టే కారు అద్దెకి తీసుకోవాలి. అమెరికా విమానాల్లో క్లబ్ కేబిన్‌లోకి రానివ్వరు కూడా. సెట్ అద్దెకి దొరుకుతుంది. ముందే ఫోన్ చేసి ఉందో లేదో కనుక్కోండి, ముఖ్యంగా ఎడమచేతివాటం వాళ్లు. సొంతంగా తెచ్చుకోవాల్సినవి షూస్, గ్లవ్, డజను బంతులు, తువ్వాలు, పల్చటి జాకెట్. అద్దె క్లబ్ పట్టు తెలీనిది కావచ్చు గానీ కాలికి, చేతికి ఉన్నవి మనవైతే సగం ధైర్యం. షూస్‌కి మెటల్ స్పైక్స్ ఉంటే పనికిరావు, మెత్తటి స్పైక్స్ వేయించుకోండి. బయల్దేరే ముందు అడుగున ఎండిన మట్టి, గడ్డి బ్రష్‌తో కడిగెయ్యండి. మట్టి గురించి కస్టమ్స్‌లో అడుగుతారు.

సాయంత్రం ఆటకి లెక్క వేరు. జూన్‌లో ఎనిమిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. అయిదున్నరకి మొదలుపెడితే పావుతక్కువ ఎనిమిదికి అయిపోతుంది, రేటు కూడా తగ్గుతుంది, దాన్ని ట్వైలైట్ అంటారు. అప్పుడు హైదరాబాద్‌లో ఉదయం ఎనిమిదింపావు. అక్కడి టీమ్ లాగిన్ అయ్యేలోపు మీరు స్నానం చేసి లాప్‌టాప్ ముందు కూర్చోవచ్చు. కాల్ తొమ్మిదింటికి పెట్టుకోండని ముందే చెప్పుకోవడం మంచిది. కోర్సు మీద హెడ్‌ఫోన్ పెట్టుకుని ‘మ్యూట్‌లో ఉన్నాను’ అంటూ ఆడేవాళ్లని చూశాను. వాళ్లు పక్కవాళ్ల ఆట కూడా చెడగొడతారు.

ఈ లెక్కలో నేను ఒకసారి దారుణంగా బోల్తా పడ్డాను. నవంబర్ మొదటి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఆ మర్నాడు సోమవారం సాయంత్రానికి వారం ముందే బుక్ చేసి పెట్టుకున్నాను, పోయిన ట్రిప్ లెక్కలోనే. ఐదు దాటేసరికి సూర్యుడు దిగిపోయాడు. ఆరో హోల్‌లో బంతి కొట్టాక శబ్దం విన్నామే తప్ప అది ఎటు పోయిందో ఎవరికీ తెలీదు. ఏడో హోల్ ఫోన్ లైటు పట్టుకుని నడిచాం, ఆడలేదు. డిసెంబర్‌లో పావుతక్కువ ఐదు, ఐదు మధ్యలోనే సూర్యాస్తమయం. నవంబర్ నుంచి మార్చి రెండో ఆదివారం దాకా సాయంత్రాలు వదిలేసి, పొద్దున్నే పెట్టుకోండి.

శనివారం ఖాళీగా ఉంటే శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లండి. హార్డింగ్ పార్క్ ఆ నగరానిదే, 1925లో తెరిచారు. 2020 పీజీఏ ఛాంపియన్‌షిప్ అనే పెద్ద టోర్నీ అక్కడే జరిగింది, కోవిడ్ వల్ల ప్రేక్షకులు లేకుండా. కాలిన్ మొరికావా పదహారో హోల్‌లో టీ మీంచి నేరుగా గ్రీన్ మీదకి కొట్టి ఈగిల్ (పార్ కంటే రెండు దెబ్బలు తక్కువ) చేసి గెలిచాడు. అదే టీ మీద నిల్చోవాలంటే బయటివాళ్ల రేటు జేబుకి గట్టిగానే తగులుతుంది. ఖర్చు వద్దనుకుంటే అదే ఆవరణలో ఫ్లెమింగ్ అని 9 హోల్స్ కోర్సు ఉంది. లేదా లింకన్ పార్క్. ఆ కోర్సు నిగనిగలాడదు, కానీ పదిహేడో హోల్ టీ మీద నుంచి గోల్డెన్ గేట్ వంతెన ఎదురుగా కనిపిస్తుంది, మంచు కప్పెయ్యకపోతే. జూలైలో కూడా జాకెట్ మర్చిపోకండి. సన్నీవేల్‌లో చెమట పట్టే మధ్యాహ్నం అక్కడ పళ్లు కటకటలాడతాయి.

రోజంతా దొరికితే మాంటెరే వైపు పసిఫిక్ గ్రోవ్. శాన్‌హోసే నుంచి గంటన్నర డ్రైవ్. పక్కనే పెబుల్ బీచ్ ఉంది, పబ్లిక్ కోర్సే, కానీ ఆ గ్రీన్ ఫీకి (ఆడటానికి కట్టే రుసుము) మన దగ్గర ఓ మంచి ఫోన్ వస్తుంది. పసిఫిక్ గ్రోవ్ ఊరి కోర్సు. మొదటి 9 చెట్ల మధ్య, తర్వాతి 9 సముద్రం పక్కన. 1855 నాటి లైట్‌హౌస్ చుట్టూ ఆడుతూ వెళ్తాం. ఆ రెండో సగం గీసింది జాక్ నెవిల్. పెబుల్ బీచ్ గీసిన ఇద్దరిలో ఒకడు ఆయనే. ఫెయిర్‌వే మీద జింకలు పడుకుని ఉంటే కంగారు పడకండి, అవి రోజూ అంతే.

గ్రీన్ ఫీ ఆఫీసు ఖర్చుల్లో వెయ్యకండి. ఆడుతున్నానని మేనేజర్‌కి చెప్పడంలో తప్పేమీ లేదు, ‘ఎనిమిది లోపు దొరకను’ అని ఒక మాట చాలు. ఎవరైనా క్లయింట్ తన క్లబ్‌కి పిలిస్తే మాత్రం, వెళ్లే ముందు మీ కంపెనీ గిఫ్ట్ రూల్స్ చూసుకోండి.

మంచులో తడిసిన షూస్‌ని హోటల్‌లో హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టకండి, అతుకు ఊడిపోతుంది. లోపల పాత పేపర్ కుక్కి ఏసీ ముందు పెడితే సాయంత్రానికి ఆరతాయి. పేపర్ కావాలంటే రిసెప్షన్‌లో అడగండి, ఇస్తారు.