కాపీ అనిపించుకోకుండా లిటరేచర్ రివ్యూ రాయడం ఎలా?

నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలో, పాలమూరు యూనివర్సిటీలో పీజీ ప్రాజెక్టులు, పీహెచ్‌డీ థీసిస్‌లు రాసే పిల్లల్లో చాలామందికి కాపీ కొట్టాలన్న ఉద్దేశం ఉండదు. చదివినదాన్ని సొంతంగా ఎలా రాయాలో పక్కన కూర్చోబెట్టి చూపించినవాళ్లు లేక దొరికిపోతారు. లిటరేచర్ రివ్యూ చాప్టర్లు, అంటే తమ అంశం మీద ఇదివరకు వచ్చిన పుస్తకాలు, వ్యాసాలు ఏం తేల్చాయో చెప్పే చాప్టర్లు, ఏళ్ల తరబడి దిద్దుతున్నాను. అదే తప్పు మళ్లీ మళ్లీ చూడలేక ఇది రాస్తున్నాను.

ఒక లాంగ్ నోట్‌బుక్, రెండు రంగుల పెన్నులు చాలు. ఫోన్‌తో పేజీలు ఫొటో తీసుకుంటే నోట్సు రాసుకున్నట్టు కాదు.

పుస్తకం తెరవగానే రచయిత, పుస్తకం పేరు, ప్రచురణకర్త, ఏడాది రాసేయండి. పత్రికలో వ్యాసమైతే సంపుటి, సంచిక, పుటలు కూడా. ఆ తర్వాత చదువుతూ, రచయిత మాటలను ఉన్నవి ఉన్నట్టుగా నీలం పెన్నుతో కొటేషన్ మార్కుల్లో రాసి పక్కనే పుట సంఖ్య వేయండి. మీకు తోచింది ఎర్ర పెన్నుతో రాయండి. ఈ రెండు రంగులూ కలవకూడదు. ఆరు నెలల తర్వాత నోట్సు తిరగేస్తే ఏ వాక్యం ఎవరిదో ఆ రంగే చెప్పాలి.

ఇక అసలు చిక్కంతా ఆ నోట్సును చాప్టర్‌గా మార్చేటప్పుడే వస్తుంది. ఉదాహరణ కోసం నేనే ఒక వాక్యం కల్పిస్తాను, అది ఒక పుస్తకంలో ఉందనుకోండి: ‘గ్రానైట్ రాతిపొరల నుంచి ఫ్లోరైడ్ భూగర్భ జలాల్లో కరగడం వల్ల బోరు నీరు తాగే గ్రామాల్లో ఎముకల జబ్బులు ఎక్కువగా కనిపిస్తున్నాయి.’

దాన్ని విద్యార్థి ఇలా మారుస్తాడు: ‘గ్రానైట్ శిలల నుంచి ఫ్లోరైడ్ భూమిలోని నీటిలో కలవడం మూలంగా బోరు నీళ్లు తాగే ఊళ్లలో ఎముకల వ్యాధులు అధికంగా ఉన్నాయి.’ రాళ్లు శిలలయ్యాయి, జబ్బులు వ్యాధులయ్యాయి. వాక్యం నడక మాత్రం మొదటి మాట నుంచి చివరి మాట దాకా పుస్తకానిదే. ఇది కాపీయే. చివర రచయిత పేరు తగిలించినా ఆ వాక్యం మీది కాదు, ఎందుకంటే ఆలోచన ఆయనదని చెప్పి మాటలు మీవన్నట్టు చూపిస్తున్నారు.

ఇలా చేయండి. పుస్తకం మూసేయండి, నోట్‌బుక్ కూడా మూసేయండి. ‘ఈయన ఏం తేల్చాడు? నా పనికి అది ఎందుకు కావాలి?’ అని ఎదురుగా ఉన్న మనిషికి చెబుతున్నట్టు పైకి చెప్పండి. నోట మాట రాలేదంటే మీకు అర్థం కాలేదన్నమాట, మళ్లీ చదవండి. చెప్పగలిగితే అదే కాగితం మీద పెట్టండి: ‘ఎముకల జబ్బులకు మూలం రాతిపొరల్లో ఉందని ఫలానా రచయిత చూపించారు. ఒకే ఊళ్లో పక్కపక్క బోర్లలో ఫ్లోరైడ్ వేర్వేరుగా ఎందుకుందో మాత్రం ఆయన చర్చించలేదు. మర్రిగూడ మండలంలో నేను నీటి నమూనాలు తీసింది అందుకే.’ ఇప్పుడు పుస్తకం తెరిచి, ఆయన అననిది అన్నట్టు రాశారేమో సరిచూసి, రచయిత పేరు, ఏడాది, పుట వేయండి. ఆయన మాటలే కావాలనిపిస్తే కొటేషన్ మార్కుల్లో పెట్టండి, అందులో తప్పేమీ లేదు. కానీ పేజీకి ఒక కొటేషన్ దాటకూడదు.

తెలుగు పుస్తకంలోని పేరాను ఇంగ్లిష్‌లోకి మార్చి తన పేరాగా పెట్టుకునేవాళ్లున్నారు. ఇదివరకటి రాతలతో పోలికలు వెతికే సాఫ్ట్‌వేర్ పట్టుకోకపోవచ్చు, అయినా అది కాపీయే. ‘అన్నా, జర పది లోపలికి తెచ్చిపెట్టవా’ అని, అంటే ఆ పోలికను పది శాతం లోపలికి దించమని, డీటీపీ సెంటర్‌లో చాప్టర్ ఇచ్చి రావడం ఇంకా ఘోరం. అక్కడ మాటలు తారుమారై ‘భూగర్భ జలం’ కాస్తా అర్థం లేని ముక్కగా తిరిగొస్తుంది, వైవాలో దానికి జవాబు మీరే చెప్పుకోవాలి. చాట్‌జీపీటీని రెఫరెన్సులు అడిగితే లేని పుస్తకాలను కూడా ఉన్నట్టు ఇవ్వగలదు. మూసిన పుస్తకం పద్ధతికి టైమ్ ఎక్కువ పడుతుంది, నిజమే. కానీ వైవా ప్రిపరేషన్ కూడా అందులోనే అయిపోతుంది.

పర్సెంట్ల సంగతి. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతలతో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 వరకైతే ఆరు నెలలు మించని గడువులో సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. 40 దాటి 60 వరకైతే ఏడాది పాటు సవరించిన ప్రతి ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. డిగ్రీ వచ్చాక బయటపడినా దాన్ని నిలిపి ఉంచవచ్చు. డిగ్రీ వచ్చిన థీసిస్‌ను శోధ్‌గంగా అనే ఆన్‌లైన్ థీసిస్‌ల భాండాగారంలో పెడతారు కాబట్టి ఎవరైనా తెరిచి పోల్చి చూడొచ్చు. ‘వరసగా 14 మాటల దాకా కాపీ కొట్టొచ్చు’ అని హాస్టళ్లలో చెప్పుకునేది నమ్మకండి. ఆ మినహాయింపు అందరికీ తెలిసిన విషయాలకు, యాదృచ్ఛికంగా కలిసిన మాటలకు మాత్రమే. పది శాతం లోపల ఒక పేరా మొత్తం ఎత్తి పెట్టినా అది ఎత్తిపెట్టినదే.

సాఫ్ట్‌వేర్ ఇచ్చిన పోలిక రిపోర్టు రాగానే అంకె చూసి పక్కన పడేయకండి. అందులో రంగు పడ్డ ప్రతి వాక్యాన్నీ నోట్‌బుక్‌లో నీలం పెన్నుతో రాసినవాటితో కలిపి చూడండి. కొటేషన్ మార్కులు తప్పిపోతే పెట్టండి. వాక్యం నడక పుస్తకానిదైతే కొట్టేసి, పుస్తకం మూసి మళ్లీ రాయండి. ఇది మీ సొంత పని అన్న హామీపత్రం మీద సంతకం ఆ తర్వాతే. మీ పని కాపీ కాదని గైడ్ కూడా సర్టిఫికెట్ ఇవ్వాలి, కాబట్టి ఆ రిపోర్టుతో పాటు నోట్‌బుక్ కూడా తీసుకెళ్లి ఆయన ముందు పెట్టండి.