డెడ్ లెటర్ క్యూని రీప్లే చేసే ముందు జాగ్రత్తలు

సాఫ్ట్‌వేర్‌లో డెలివరీ కాని ఈవెంట్లు (‘ఇది జరిగింది’ అని చెప్పే మెసేజ్‌లు) పక్కన పడే చోటే డెడ్ లెటర్ క్యూ. వాటిని మళ్లీ పంపే, అంటే రీప్లే చేసే ముందు ఇవి చూసుకోండి.

• ముందు గడువు. అమెజాన్ వారి మెసేజ్ క్యూ సర్వీస్ ఎస్‌క్యూఎస్‌లో మెసేజ్ మామూలుగా 4 రోజులు ఉంటుంది, గరిష్ఠంగా 14. స్టాండర్డ్ క్యూ అయితే, డెడ్ లెటర్ క్యూకి మారినా లెక్క మొదట చేరిన సమయం నుంచే. రెండు చోట్లా 4 రోజులే పెట్టి ఉంటే, అసలు క్యూలో 3 రోజులు నలిగిన మెసేజ్‌కి మిగిలేది ఒక్క రోజు. శుక్రవారం సాయంత్రం చూసి, సోమవారం చేద్దాంలే అనుకుంటే క్యూ ఖాళీగా పలకరిస్తుంది. డెడ్ లెటర్ క్యూకి ఎప్పుడూ అసలు క్యూ కంటే ఎక్కువ రోజులు పెట్టండి.

• గూగుల్ వారి మెసేజ్ సర్వీస్ పబ్‌సబ్ వాడేవాళ్లు: డెడ్ లెటర్ టాపిక్‌కి (ఆగిన మెసేజ్‌లు వెళ్లే చోటికి) సబ్‌స్క్రిప్షన్, అంటే వాటిని అందుకునే ఏర్పాటు ఉందా? లేకపోతే అక్కడికి చేరినవి పోయినట్టే.

• నాలుగైదు మెసేజ్‌లు తెరిచి, ఎందుకు ఆగాయో చదవండి. కోడ్‌లో తప్పు అలాగే ఉంటే తిరిగి అక్కడికే వస్తాయి.

• అసలు టెన్షన్ డూప్లికేట్లతోనే. ‘పేమెంట్ అయింది’ అన్న ఈవెంట్‌కి కస్టమర్‌కి ఎస్సెమ్మెస్ వెళ్లిపోయి, డేటాబేస్‌లో రాసేటప్పుడు ఆగి ఉండొచ్చు. మళ్లీ పంపితే రెండో ఎస్సెమ్మెస్, ఆ వెంటనే కస్టమర్ ఫోన్. ఈవెంట్ ఐడీ చూసి, అయిపోయిన పనిని వదిలేసేలా కన్స్యూమర్ (ఈవెంట్లను అందుకుని పని చేసే ప్రోగ్రామ్) రాసి ఉందా? లేకపోతే రీప్లే జోలికే వెళ్లకండి.

• వరస కూడా చూడాలి. నిన్న కస్టమర్ చేతికి అందిన ఆర్డర్‌కి ఇవాళ ‘ప్యాక్ అయింది’ పంపితే స్టేటస్ వెనక్కి పోతుంది.

• కాపీ తీసుకోండి. ముందు పది పంపి, లాగ్ చూశాకే మిగతావి.