లాయంలో పాఠాలు – 6: గుర్రం ముక్కు నుంచి రక్తం వస్తే

పోయిన పాఠంలో ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకున్నాం. తీరిగ్గా నిలబడ్డ గుర్రానికి నిమిషానికి 8 నుంచి 16. ఆ లెక్క ఇవాళ పనికొస్తుంది.

రక్తం చూడగానే అందరూ అడిగేది "ఎంత పోయింది?" అనే. 500 కిలోల గుర్రం ఒంట్లో దాదాపు 40 లీటర్ల రక్తం ఉంటుంది. ఒక లీటరు నేల మీద పడితే చూసేవాళ్ళకి గుండె జారిపోతుంది గానీ, గుర్రం తట్టుకుంటుంది. ముందు చూడాల్సింది వేరే. ఒక రంధ్రం నుంచా, రెండింటి నుంచా? దౌడు తీశాకా, ఊరికే నిలబడి ఉండగానా?

ముక్కును రెండుగా చీల్చే అడ్డుగోడ గొంతు దగ్గర ఆగిపోతుంది. గోడకు ఇవతల దెబ్బో పుండో ఉంటే రక్తం ఆ ఒక్కవైపే దిగుతుంది. ఊపిరితిత్తుల్లోంచి వచ్చేది ఎక్కువగా రెండు వైపులా కారుతుంది. గట్టి దౌడు తర్వాత తల దించగానే రెండు రంధ్రాలూ ఎర్రబడితే ముందు అనుమానించాల్సింది ఊపిరితిత్తుల్నే. పందెపు గుర్రాల్లో ఇది మామూలే. చాలావాటికి రక్తం బయటికే రాదు, అందుకే డాక్టర్లు దౌడు అయిన అరగంట నుంచి గంటన్నర లోపు ఎండోస్కోప్ (కొసన కెమెరా ఉన్న సన్నటి గొట్టం) వేసి శ్వాసనాళం చూస్తారు. ఇదేమీ కొత్త జబ్బు కాదు. ఇంగ్లండ్‌లో 1716లో పుట్టిన బార్ట్‌లెట్స్ చైల్డర్స్ అనే గుర్రాన్ని ఈ ముక్కు రక్తం వల్లే 'బ్లీడింగ్ చైల్డర్స్' అనేవారు. పేరుమోసిన పందెపు గుర్రం ఎక్లిప్స్‌కు అది ముత్తాత.

నన్నడిగితే అసలు భయపడాల్సింది, ఏ పనీ చెయ్యకుండా నిలబడ్డ గుర్రానికి కాస్త రక్తం కారి, దానంతటదే ఆగిపోయినప్పుడు. గుర్రానికి దవడ వెనక రెండు వైపులా గట్టరల్ పౌచ్ అనే గాలి సంచులుంటాయి. మెదడుకు వెళ్ళే పెద్ద ధమని ఆ సంచి గోడను ఆనుకునే పోతుంది. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు అక్కడ చేరి ధమనిని తినేస్తుంది. పక్కనే నరాలు కూడా ఉంటాయి కాబట్టి, మింగలేక మేత, నీళ్ళు ముక్కులోంచి రావడమూ జరుగుతుంది. మొదట కొద్దిగా కారుతుంది. కొన్ని రోజులకో వారాలకో ప్రాణం తీసేంత ధార రావచ్చు. "ఆగిపోయిందిగా, రేపు చూద్దాం" అనుకోవద్దు. అదే రోజు డాక్టరుకు ఫోన్ చెయ్యండి.

డాక్టరు వచ్చేదాకా గుర్రాన్ని నడిపించకండి, చుట్టూ గోల లేకుండా చూడండి. ముక్కులో గుడ్డ కుక్కకండి, గుర్రం నోటితో ఊపిరి తీసుకోలేదు. బొటనవేలితో చిగురు నొక్కి వదలండి. తెల్లబడ్డ చోటు రెండు సెకన్లలో మళ్ళీ గులాబీ రంగుకు రావాలి. రాకపోయినా, చిగుళ్ళు పాలిపోయినా ఆ మాట ఫోన్‌లో ముందే చెప్పండి.

ఇంటిపని: కింది దవడ ఎముక లోపలి అంచున వేళ్ళు పెట్టి జరపండి. సన్నటి తాడులా ఒకటి వేలి కింద జారుతుంది. దాన్ని ఎముకకు ఆనించి మెల్లగా నొక్కితే నాడి అందుతుంది. తీరిగ్గా ఉన్నప్పుడు నిమిషానికి 28 నుంచి 44 దాకా కొట్టుకోవాలి. మీ గుర్రం లెక్క లాయం గోడ మీద రాసి పెట్టుకోండి. వచ్చే పాఠం నాడి మీదే.